‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మొదటిసారి ఎలా వినాలి: సెట్టింగ్స్ నుంచి చివరి గుండె చప్పుడు దాకా

ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ గురించి కొత్తవాళ్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. “అందరూ ఆహా ఓహో అంటారు. నేనూ పెట్టాను. ఏదో గుండె చప్పుడు, ఎవరిదో నవ్వు, గడియారాలు... ఇంతకీ పాట ఎక్కడ?”

అడగడంలో తప్పేం లేదు. కాకపోతే చాలామంది దీన్ని సినిమా ఆడియోలా వింటారు. నచ్చిన పాట ఒకటి, షఫుల్‌లో ఇంకోటి, బస్సులో ఒక చెవికి ఇయర్‌బడ్. ఈ ఆల్బమ్ పది పాటల కట్ట కాదు. సుమారు 43 నిమిషాల ఒకే పాట, మధ్యలో రికార్డు తిప్పడానికి ఒక్కచోట ఆగుతుంది. దీని గొప్పంతా అతుకుల్లో ఉంది. మీ ఫోను ఆ అతుకుల్ని తెంపేస్తే మిగిలేది నిజంగానే గడియారాల గోల.

అందుకే ఈ గైడ్‌లో సగం సెట్టింగ్స్ గురించి, మిగతా సగం ఎక్కడ చెవి పెట్టాలో.

కావలసినవి

- ఎవరూ పిలవని 50 నిమిషాలు. 43 ఆల్బమ్‌కి, మిగతావి సర్దుకోడానికి.
- రెండు చెవులకూ పెట్టుకునే హెడ్‌ఫోన్స్, లేదా ఎడమ కుడి విడివిడిగా ఉన్న రెండు స్పీకర్లు. ఖరీదైనవే అక్కర్లేదు. ఫోన్ కొన్నప్పుడు ఇచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ బాగుంటే అవీ చాలు. ఒక్క డబ్బాగా వచ్చే చిన్న బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు. ఎడమ కుడి కలిసిపోతాయి.
- ఆల్బమ్ మొత్తం, అసలు రికార్డింగ్. ఏది అసలుదో 1వ మెట్టులో ఉంది.
- పాటల సాహిత్యం, కానీ మొదటిసారి కాదు. రెండోసారికి దాచుకోండి.
- నిశ్శబ్దమైన గది. ఫ్యాన్ 5 మీద గిర్రున తిరుగుతుంటే ఆల్బమ్ మొదటి 20 సెకన్లు మీకు వినపడవు. 2కి తగ్గించండి. వంటింట్లో కుక్కర్ ఎక్కి ఉంటే ఆ మూడు కూతలూ అయ్యాక మొదలుపెట్టండి.

1. సరైన ఆల్బమ్ ఎంచుకోండి

ఆ పేరుతో వెతికితే నాలుగైదు రకాలు వస్తాయి. కవర్ మీద నల్లటి నేపథ్యం, గాజు పట్టకం, అందులోంచి విడిపోయిన రంగులు ఉండాలి. కళాకారుడి పేరు పింక్ ఫ్లాయిడ్ అని ఉండాలి. 2011 రీమాస్టర్ (పాత రికార్డింగ్ శబ్దాన్నే మళ్లీ మెరుగుపరిచినది) అయినా, 2023లో వచ్చిన 50వ వార్షికోత్సవ రీమాస్టర్ అయినా ఫర్వాలేదు. రెండింటికీ మూలం 1973 నాటి స్టీరియో మిక్సే. ఏది మేలన్న వాదన ఆడియో పిచ్చివాళ్లకు వదిలేయండి, మొదటిసారి వినేవాళ్లకు ఆ తేడాతో పని లేదు.

పొరబడే చోట్లు మూడు:

- ‘రీడక్స్’ అన్న మాట కనిపిస్తే అది వేరే రికార్డింగ్. 2023లో, బృందంలో బాస్ గిటార్ వాయించిన రోజర్ వాటర్స్ ఒక్కడే మళ్లీ చేసినది. ముసలి గొంతుతో మాటలు ఎక్కువ, డేవిడ్ గిల్మర్ గిటార్ ఉండదు. అసలుది బాగా తెలిశాక వినాల్సినది, ముందు విన్నారంటే అయోమయమే.
- ‘లైవ్ ఎట్ వెంబ్లీ 1974’ కచేరీ రికార్డింగ్. బాగుంటుంది, కానీ ఇప్పుడే కాదు.
- వీడియో సైట్లలో ఎవరెవరో పెట్టిన ‘ఫుల్ ఆల్బమ్’ ఫైళ్లు. కాపీరైట్ పట్టుబడకుండా కొన్నిట్లో వేగమో శ్రుతో మార్చి ఉంటారు. మధ్యలో ప్రకటనలు సరేసరి.

సరిచూసుకోవడం: ట్రాకులు 10 ఉండాలి, మొత్తం నిడివి 43 నిమిషాలకు అటూ ఇటూ. పాత సీడీల్లో కొన్నిట్లో మొదటి రెండూ కలిపి 9 ట్రాకులే ఉంటాయి, అది లోపం కాదు. మొదటి ట్రాక్ ‘స్పీక్ టు మీ’, చివరిది ‘ఎక్లిప్స్’.

2. ప్లేయర్ సెట్టింగ్స్ మార్చండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. యాప్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ విభాగానికి వెళ్లండి.

- షఫుల్: ఆపేయండి. ఉచిత ఖాతాలో షఫుల్ ఆగకపోయినా, మధ్యలో ప్రకటనలు వచ్చినా ఆ యాప్‌లో ఈ ఆల్బమ్ వినొద్దు. ఎవరి దగ్గరైనా సీడీ అడిగి తెచ్చుకోవడం నయం.
- గ్యాప్‌లెస్ (పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా వాయించడం): ఆన్.
- క్రాస్‌ఫేడ్: సున్నా. ఇది గ్యాప్‌లెస్‌కి మరోపేరు అనుకుని 5 సెకన్లు పెట్టేవాళ్లు ఎక్కువ. క్రాస్‌ఫేడ్ ఒక పాట చివరిని తగ్గిస్తూ రెండోదాన్ని దాని మీదికి ఎక్కిస్తుంది. ఇందులో పాటల్ని స్టూడియోలోనే అతికారు, మీ యాప్ మళ్లీ అతికితే రెండూ చెడతాయి.
- ఆటోమిక్స్, ఆటోప్లే: రెండూ ఆపేయండి. చివరి గుండె చప్పుడు ఆగీ ఆగకముందే యాప్ ఇంకెవరిదో పాట అందుకుంటే అంతకన్నా చిరాకు ఉండదు.
- వాల్యూమ్ నార్మలైజేషన్: ఆపండి. ఒక్కో ట్రాక్‌నీ విడిగా సమం చేసే ప్లేయర్లలో మెల్లగా ఉండాల్సిన మొదటి ట్రాక్ పెరిగిపోయి, రెండోదానిలోకి వెళ్లేచోట శబ్దం ఒక్కసారిగా దిగుతుంది. మీ ప్లేయర్‌లో ‘ట్రాక్’, ‘ఆల్బమ్’ అని రెండు పద్ధతులుంటే ‘ఆల్బమ్’ పెట్టినా చాలు.
- ఈక్వలైజర్, బాస్ బూస్ట్: సున్నా. బాస్ బూస్ట్ ఉంటే గుండె చప్పుడు డప్పు మోతవుతుంది, దాని మీద నడిచే గొంతులు మునిగిపోతాయి.
- ఫోన్‌లోని సరౌండ్ ఎఫెక్టులు: ఆపండి. సౌండ్ సెట్టింగ్స్‌లో డాల్బీ అని ఉండే మీట మామూలు స్టీరియోని సాగదీస్తుందే తప్ప అసలైన అట్మాస్ మిక్స్‌ని (శబ్దం చుట్టూ అన్ని వైపుల నుంచీ వచ్చేలా చేసినది) తెచ్చిపెట్టదు. నిజమైన అట్మాస్ మిక్స్ 2023లో జేమ్స్ గత్రీ చేసినది వేరే ఉంది, రెండో నెలలో వినండి.
- మోనో ఆడియో: యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఎప్పుడో ఒక చెవి ఇయర్‌ఫోన్ పాడైనప్పుడు ఆన్ చేసి మరిచిపోయి ఉంటారు. చూసుకోండి.

సొంత ఫైళ్లయితే ఎంపీ3 కన్నా ఫ్లాక్ (శబ్దంలో ఏమీ పోకుండా దాచే ఫైలు రకం) మేలు. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ప్రతి ట్రాక్ మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరుతుంది, దాన్ని తీసేసి వినిపించే తెలివి అన్ని ప్లేయర్లకూ ఉండదు. మీ ప్లేయర్‌లో ఆ బాధ ఉంటే సీడీని మొత్తం ఒకే ఫైలుగా ఎక్కించుకోవడం తేలికైన దారి.

సరిచూసుకోవడం: ‘బ్రెయిన్ డ్యామేజ్’ చివరి 10 సెకన్ల దగ్గర పెట్టి ‘ఎక్లిప్స్’లోకి వెళ్లనివ్వండి. రెండింటి మధ్య తాళం ఒక్క దెబ్బ కూడా తప్పకూడదు. చిన్న ‘టిక్’ అన్నా, కన్నార్పినంత ఖాళీ వచ్చినా గ్యాప్‌లెస్ పనిచేయట్లేదన్నమాట.

3. ఎడమ కుడి సరిచూడండి

‘మనీ’ మొదటి 15 సెకన్లు పెట్టండి. నాణేల గలగల, కాగితం చించిన శబ్దం, క్యాష్ రిజిస్టర్ గంట రెండు చెవుల మధ్యా అటూ ఇటూ దూకాలి. అన్నీ తల మధ్యలోనే వినిపిస్తే మోనో ఆన్‌లో ఉందనో, ఇయర్‌ఫోన్ పిన్ను సగమే దూరిందనో అర్థం. పిన్ను ఒకసారి తీసి, టక్కుమనేదాకా నొక్కండి.

4. వాల్యూమ్ పెట్టే పద్ధతి

హెచ్చరిక: మొదటి గుండె చప్పుడు విని వాల్యూమ్ పెట్టకండి. అది శూన్యంలోంచి మెల్లగా వస్తుంది. వినపడట్లేదని పెంచుతారు. ఏడెనిమిది నిమిషాల తర్వాత ‘టైమ్’ మొదట్లో డజన్ల గడియారాలు ఒక్కసారిగా మోగుతాయి, హెడ్‌ఫోన్స్ పీకి విసిరేస్తారు. కొత్తవాళ్లలో సగం గొడవ ఇక్కడే.

రెండో ట్రాక్ ‘బ్రీద్’ దగ్గరికి వెళ్లండి. పాట మొదలై గొంతు వచ్చాక, ఎదురుగా కూర్చున్న మనిషి మామూలుగా పాడుతున్నట్టు వినిపించేదాకా పెట్టండి. అక్కడినుంచి ఒక్క మెట్టు తగ్గించండి. ఇక ముట్టుకోకండి. మొదటి ట్రాక్‌కి తిరిగి వెళ్లి ప్లే నొక్కి, ఫోన్ బోర్లా పెట్టేయండి.

5. మొదటి సైడ్: 19 నిమిషాల పైచిలుకు

గాయకుడి గొంతు కోసం ఎదురుచూడకండి. మొదటి పాటమాట రావడానికి రెండు నిమిషాలు దాటుతుంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అన్న లెక్క కూడా ఇక్కడ పనికిరాదు.

*స్పీక్ టు మీ:* ఆల్బమ్‌లో రాబోయే శబ్దాలన్నీ ఇక్కడ ఒక నిమిషంలో దొర్లిపోతాయి. గుండె (అది నిజం గుండె కాదు, మెత్తబరచిన బాస్ డ్రమ్), గడియారాలు, డబ్బు యంత్రం, నవ్వు, కేక. గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తర్వాత ఒక్కొక్కటీ ఎదురైనప్పుడు ‘ఇది ఎక్కడో విన్నానే’ అనిపిస్తే చాలు.

*బ్రీద్:* ఆ కేక పెరిగి పెరిగి పాటగా తెరుచుకునేచోటు ఆల్బమ్‌లో మొదటి అతుకు. అక్కడ ఒళ్లు కాస్త తేలికపడాలి. పడకపోతే 2వ మెట్టు మళ్లీ చూడండి.

*ఆన్ ద రన్:* పాట లేదు. ఈఎంఎస్ కంపెనీ సింథీ ఏకేఎస్ అనే చిన్న పెట్టెలాంటి సింథసైజర్‌లో ఎనిమిది స్వరాలు ఎక్కించి, వేగం పెంచి తిప్పారు. దాని మీద విమానాశ్రయం ప్రకటన, పరుగెత్తే అడుగుల చప్పుడు. ఆ అడుగులు ఒక చెవి నుంచి రెండో చెవికి దాటడం వినండి. చాలామంది ‘తర్వాతిది’ మీట నొక్కేది ఇక్కడే. నొక్కకండి, ఈ ఉరుకు అనుభవించకపోతే తర్వాతి గడియారాలకు అర్థం లేదు.

*టైమ్:* ఆ గడియారాల్ని సౌండ్ ఇంజనీర్ అలాన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటీ విడిగా రికార్డు చేశాడు. మోత ఆగాక రెండు నిమిషాలు, బృందం డ్రమ్మర్ నిక్ మేసన్ వాయించే రోటోటామ్స్ అనే డ్రమ్స్‌తో ఖాళీగా నడుస్తుంది. ఈ ఖాళీ కావాలనే ఉంది. తర్వాత గొంతు దూకే తీరు చూడండి. చరణాల్లో గరుకుగా గిల్మర్, మధ్యలో మెత్తగా కీబోర్డ్స్ వాయించే రిచర్డ్ రైట్. గిటార్ సోలో అయ్యాక చివరి నిమిషంలో ‘బ్రీద్’ వరస చెప్పకుండా వచ్చి కూర్చుంటుంది. దాన్ని మీ అంతట మీరే గుర్తుపడితే ఈ ఆల్బమ్ మీకు పట్టుబడినట్టే.

*ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై:* మాటల్లేని గొంతు. పాడినది క్లేర్ టోరీ. ఒక్క సెషన్‌కి పిలిచారు, ఆమెకి ముట్టింది 30 పౌండ్లు. 2004లో ఆమె కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరి స్వరకల్పనలో ఆమె పేరూ చేరింది. మన చెవికి ఇది ఆల్బమ్ మొత్తంలో తేలిగ్గా ఎక్కాల్సిన ట్రాక్. సాహిత్యం లేకుండా గొంతు ఒక్కటే గంట సేపు నిలబెట్టగలదని ఆలాపన విని పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదట అరుపు, తర్వాత అలసట, చివరికి ఒప్పుకోలు. మూడు దశలూ విడిగా తెలుస్తాయి.

ఇక్కడ ఎల్పీ (పెద్ద నల్ల రికార్డు) అయితే రికార్డు తిప్పాలి. స్ట్రీమింగ్‌లో వింటున్నా ఇక్కడ ఒక్కసారి పాజ్ చేసి నీళ్లు తాగి రండి. పాజ్ చేయదగ్గ చోటు ఆల్బమ్ మొత్తంలో ఇదొక్కటే.

6. రెండో సైడ్: సుమారు 23 నిమిషాలు

*మనీ:* వేళ్ల మీద లెక్కపెట్టండి. మొదటి శబ్దాల చుట్టు ఏడు దెబ్బలు. రోజర్ వాటర్స్ బాస్ గిటార్ కూడా అదే ఏడులో నడుస్తుంది. మిశ్ర చాపు అలవాటున్నవాళ్లకి ఏడు కొత్త కాదు. కానీ ఇక్కడ ‘తకిట తకధిమి’ అని వేస్తే చెయ్యి తడబడుతుంది. ‘తకధిమి తకిట’ అనుకుంటూ నింపాదిగా వేయండి, సరిపోతుంది. శాక్సఫోన్ (డిక్ ప్యారీ వాయించాడు) అయ్యేదాకా ఏడే. గిటార్ సోలో మొదలవగానే తాళం నాలుగుకి మారుతుంది, పాట ఒక్కసారిగా రోడ్డెక్కుతుంది. సోలో నడుమ ప్రతిధ్వని అంతా తీసేసి గిటార్‌ని పొడిగా వదిలేసిన చోటొకటి ఉంది, చెవి పక్కనే వాయిస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత మళ్లీ ఏడు. లెక్క తప్పితే ఆపి వెనక్కి వెళ్లకండి, రెండోసారి దొరుకుతుంది.

*అస్ అండ్ దెమ్:* నిదానమైన ఆర్గన్, పాడిన ప్రతి మాటా ప్రతిధ్వనిగా వెనక్కి వెళ్తుంది. మాటకీ మాటకీ మధ్య ఎడాన్ని ఖాళీగా వదిలే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఈ వరస రైట్ నిజానికి ఇటలీ దర్శకుడు ఆంటోనియోని సినిమా ‘జబ్రిస్కీ పాయింట్’ కోసం కట్టాడు, దర్శకుడికి నచ్చలేదు. మనకే మేలైంది.

*ఎనీ కలర్ యు లైక్:* మూడున్నర నిమిషాల వాద్యగోష్ఠి. ఊరికే వినండి.

*బ్రెయిన్ డ్యామేజ్, ఎక్లిప్స్:* ఈ రెండూ ఒకటే అనుకోండి. గొంతు మారుతుంది, ఇక్కడ పాడేది వాటర్స్. ఎక్లిప్స్‌లో సాహిత్యం అంతా ఒక జాబితా, ఒక్కో వాక్యానికీ కోరస్ గొంతులు ఒక్కో మెట్టు ఎక్కుతాయి. అంతా అయ్యాక గుండె చప్పుడు తిరిగి వస్తుంది.

7. అప్పుడే లేవకండి

ఆ చివరి గుండె చప్పుడు మీద ఒక మనిషి మాట్లాడతాడు. స్టూడియో ద్వారపాలకుడు గెర్రీ ఓ’డ్రిస్కాల్. వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి స్టూడియోలో ఉన్నవాళ్లందరినీ అడిగి ఆ జవాబుల్ని ఆల్బమ్ అంతటా చల్లాడు. పాల్ మెకార్ట్నీని కూడా అడిగారు, ఆయన జవాబులు మాత్రం వాడలేదు. ద్వారపాలకుడి మాటే చివరిమాటగా మిగిలింది. చంద్రుడికి చీకటివైపంటూ వేరే లేదు, నిజానికి అంతా చీకటే అంటాడు.

ఈ గైడ్ మొత్తానికీ అసలు పరీక్ష ఆ వాక్యమే. వాల్యూమ్ ముట్టుకోకుండా ఆ గొంతు వినిపించిందా? మీ సెట్టింగ్స్, గది, హెడ్‌ఫోన్స్ అన్నీ సరిగ్గా ఉన్నట్టు. వినపడకపోతే ఫ్యాన్, బాస్ బూస్ట్ అన్న వరసలో చూసుకోండి.

8. రెండోసారి, మూడోసారి

అదే రోజు మళ్లీ పెట్టకండి, రెండు మూడు రోజులు ఆగండి. రెండోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకోండి. మాటలన్నీ వాటర్స్‌వే, తేలికైన ఇంగ్లిషే, పాడే యాస వల్ల మాత్రం మొదటిసారి జారిపోతాయి. ‘టైమ్’ రెండో చరణం దగ్గర ముప్ఫై దాటినవాళ్లు కాస్త జాగ్రత్త.

మూడోసారి ఒక్క మనిషి వెంట వెళ్లండి. అందరూ గిల్మర్ గిటార్ వెంట పడతారు. ఈ ఆల్బమ్‌ని నిలబెట్టింది రైట్ కీబోర్డ్స్ అని నా మాట. ‘బ్రీద్’ నుంచి ‘ఎక్లిప్స్’ దాకా ఆయన చేతుల్నే వింటే వేరే ఆల్బమ్ విన్నట్టుంటుంది.

తరచూ వచ్చే ఇబ్బందులు

*“నిద్ర వచ్చేసింది.”* పడుకుని విన్నారా? కూర్చుని వినండి. నిదానమైన ట్రాకుల్ని రాత్రి 11 తర్వాత పడుకుని వింటే ఎవరికైనా నిద్ర వస్తుంది.

*“కారులో విన్నాను, ఏమీ అనిపించలేదు.”* ఇంజను హోరులో మెల్లని భాగాలన్నీ పోతాయి, మీకు చేరింది ‘మనీ’, గడియారాలు మాత్రమే. కారులో పదోసారి వినండి, అప్పటికి మిగతాది జ్ఞాపకమే పూరిస్తుంది.

*“ప్రోగ్రెసివ్ రాక్ అంటే గంటలకొద్దీ వాయింపు కదా?”* పింక్ ఫ్లాయిడ్‌ని ఆ కోవలో వేస్తారు కాబట్టి అడుగుతారు. ఇందులో అంత పొడుగు పాట లేదు, పెద్దది ‘అస్ అండ్ దెమ్’ ఎనిమిది నిమిషాలలోపే. 1971 నాటి ‘మెడిల్’లో ఇదే బృందం ఒక పాటకి 23 నిమిషాలు తీసుకుంది. ఆ విస్తారాన్ని ఇక్కడ చిన్న ముక్కలుగా కోసి కుట్టారు, కొత్తవాళ్లకి ఇది అందుబాటులో ఉండడానికి కారణం అదే. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో ఇది మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారమే. కానీ 1973, 1988 మధ్య ఆ చార్టులో 741 వారాలు కనిపించింది. ఎగబడి కొని మరిచిపోయిన సరుకుకి ఇలాంటి లెక్క రాదు.

*“‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ సినిమాతో కలిపి పెట్టాలటగా?”* సరదాకి పెట్టుకోవచ్చు. సినిమా దృశ్యాలకీ ఈ పాటలకీ పొంతన కుదురుతుందని ప్రచారం, బృందంవాళ్లు అదంతా యాదృచ్ఛికమే అన్నారు. మొదటిసారి మాత్రం కళ్లకి పని పెట్టకండి.

*“పాత ఎల్పీ దొరికింది, కొనొచ్చా?”* కొనేముందు మూడు చోట్ల ముల్లు పెట్టించి వినండి. మొదటి సైడ్ మొదలు: గుండె చప్పుడు మీద చిటపటలు ఎక్కువుంటే పక్కన పెట్టేయండి, మెల్లని చోట గీతలు దాగవు. ‘గ్రేట్ గిగ్’లో పియానో నెమ్మదిగా సాగేచోటు: స్వరం వణికితే రికార్డు నడిమి రంధ్రం పక్కకి ఉందనో, ప్లేయర్ వేగం నిలకడగా లేదనో. రెండో సైడ్ చివర ‘ఎక్లిప్స్’: రికార్డు మధ్యకి దగ్గరైన గాడుల్లో కోరస్ గొంతులు బొంగురుపోతే అరిగిన ముల్లుతో తెగ వాయించారన్నమాట. కవర్ లోపల రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు కూడా ఉంటే అదృష్టం. లేవని ధర తగ్గించమని అడగడం మీ హక్కు.